ప్రమాణ తోటకూర

కొత్తరేవు మునిసిపాలిటీకి ఆ ఏడు ఏదో ఒక అవార్డు తప్పనిసరిగా రావలసి ఉంది. పక్క మునిసిపాలిటీకి కుక్కల లెక్కింపులో వచ్చింది. దాని పక్కదానికి వీధి దీపాల్లో వచ్చింది. కొత్తరేవులో కుక్కలు లెక్కకు నిలబడవు, దీపాలు వెలగవు. ఎవరూ మంజూరు చేయకుండానే, ఎవరూ ప్రారంభోత్సవం చేయకుండానే ఊళ్ళో దండిగా పెరుగుతున్నవి మొక్కలొక్కటే. అందుకని కమిషనర్ గారి దృష్టి వాటి మీద పడింది.

ఇంటింటికీ కరపత్రం వచ్చింది. పైన ఆకుపచ్చ అక్షరాల్లో ‘పేరులేని పచ్చదనం పురానికి ప్రమాదం’ అని ఉంది. కింద నల్ల అక్షరాల్లో, ప్రతి గృహస్థుడూ తన పెరట్లో, వాకిట్లో, మేడమీద, కుండీలో, నూనె డబ్బాలో, పగిలిన బకెట్టులో పెరుగుతున్న ప్రతి మొక్కనూ అధికారిక పట్టికలోని పేరుతో నమోదు చేయించుకొనవలెనని ఉంది. ఇరవై ఒక్క రోజుల్లోగా పేరు నిర్ధారణ కాని మొక్కలు ‘అజ్ఞాత వృక్షజాతి’గా పరిగణింపబడి సమూలముగా తొలగింపబడునని ఉంది. ఆ ఆఖరి వాక్యం మాత్రం ఎర్ర అక్షరాల్లో ఉంది.

భ్రమరాంబ ఆ కాగితాన్ని పోపుల డబ్బా కింద పెట్టి మరిచిపోయి ఉండేదే. భర్త ప్రభాకరం మరిచిపోనివ్వలేదు. ఆయన హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాడు. ముప్పై ఏళ్ళుగా పౌరుల బాధ్యతలు అనే పాఠం చెప్పీ చెప్పీ, ఎక్కడ ఏ ఫారం కనిపించినా నింపకుండా ఉండలేని స్థితికి వచ్చాడు. ఆదివారం పొద్దున్నే అట్టా, కలమూ పట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

"ఇదేమిటి?" అన్నాడు గోడ పక్క మొక్కను చూపించి.

"డాక్టరు గారి వదిన," అంది భ్రమరాంబ.

"మొక్క పేరు అడుగుతున్నాను."

"నేనూ మొక్క పేరే చెబుతున్నాను."

"పోనీ అది?"

"శ్రీశైలం బస్సు. దాని పక్కది సువర్చల సీమంతం. ఆ పైకి పాకింది పాత పోస్టాఫీసు గోడ."

ప్రభాకరం కలం మూత పెట్టేశాడు.

ఇందులో భ్రమరాంబ తప్పేం లేదు. ఆ పెరట్లో డబ్బులిచ్చి తెచ్చిన మొక్క ఒక్కటీ లేదు. పేరంటానికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా, వచ్చేటప్పుడు ఓ కొమ్మ తుంచుకుని తడిగుడ్డలో చుట్టి తెచ్చుకోవడం ఆ వీధి ఆడవాళ్ళకి అలవాటు. కొమ్మ ఎవరిచ్చారో, ఎక్కడ దొరికిందో అదే దాని పేరు. డాక్టరు గారి వదిన ఈమధ్య బాగా పూస్తోందనీ, శ్రీశైలం బస్సుకి చీడ పట్టిందనీ చెప్పుకుంటే వినేవాళ్ళకి ఇట్టే అర్థమైపోయేది.

ఒక్క మొక్కకి మాత్రం ఆ రకం పేరు కూడా లేదు. వంటింటి తూము దగ్గర తనంతట తాను మొలిచింది. మోకాలెత్తు ఉంటుంది. కాడ నలుపలకలు, ఆకు దళసరి, అడుగున బూడిద రంగు. నమిలితే ముందు పులుపు, తరవాత ఎక్కడో వాము ఘాటు. పువ్వు పూయదు, గింజ కట్టదు. భ్రమరాంబ మూడుసార్లు కొమ్మ గుచ్చి చూసింది, మూడుసార్లూ కుళ్ళిపోయింది. ఎవరూ ఇచ్చింది కాదు కాబట్టి ఇంట్లో దాన్ని ‘ఆ ఆకు’ అనేవాళ్ళు.

ఆ ఆకు సంగతి కనిపెట్టింది భ్రమరాంబ అత్తగారు పేరిందేవమ్మ. జ్యేష్ఠంలో ఆవిడకి జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గాని నోటికి రుచి పోయింది. పప్పు పెట్టినా, పచ్చడి పెట్టినా రెండు మెతుకులు కతికి కంచం తోసేసేది. ఎనభై ఆరేళ్ళ మనిషి, నెల్లాళ్ళలో చీపురుపుల్లలా అయిపోయింది. అలాంటిది ఒకనాడు తూము దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఓ ఆకు తుంచి నోట్లో వేసుకుని, "ఇది పప్పులో వెయ్యవే, చిన్నప్పుడు తిన్నాను" అంది. పేరు అడిగితే, "నాలిక్కి గుర్తుంది గాని నాకు గుర్తులేదు" అంది. ఆ రోజు కంచం ఖాళీ అయింది. అప్పట్నుంచి రోజూ గుప్పెడు ఆకు పప్పులో పడితేనే ఆవిడ గొంతు దిగేది. అది లేనిరోజు మళ్ళీ రెండు మెతుకులే.

గడువు ఆఖరి రోజున ఇంటికి అధికారి వచ్చాడు. పేరు కనకారావు. హోదా తాత్కాలిక సహాయ వృక్ష గుర్తింపు అధికారి. అంతకుముందు దోమల విభాగంలో ఉండేవాడు. మొక్కలతో ఆయనకున్న పరిచయమల్లా వాటి మీద మందు కొట్టడం వరకే.

డాక్టరు గారి వదిననీ మిగతావాటినీ ఎదురింటి వాళ్ళ సాయంతో మందారమనీ, నందివర్ధనమనీ, గన్నేరనీ ఎలాగో తేల్చి రాసుకున్నాడు. తూము దగ్గరికి వచ్చి ఆగాడు.

"దీని నామధేయం?"

"తెలీదండి."

"తెలియదు అనే గడి ఫారంలో లేదమ్మా," అని ఫోను తీశాడు. ఆ ఫోనులో మొక్కకి ఫొటో తీస్తే పేరు చెప్పే ఏర్పాటు ఉందట. మొదటిసారి తీస్తే పుదీనా అంది. రెండోసారి తీస్తే మర్రి అంది. మూడోసారి ఆయన కాస్త వెనక్కి జరిగి తీస్తే, వెనకాల గడప మీద కూర్చున్న పేరిందేవమ్మ కూడా అందులో పడింది. ఫోను బ్రహ్మజెముడు అంది.

"ఏమంటోందే అది నన్ను?" అంది పేరిందేవమ్మ.

"మిమ్మల్ని కాదత్తయ్యా, మొక్కని."

"మొక్కకి ముళ్ళెక్కడున్నాయి? నన్నే అని ఉంటుంది."

కనకారావు ఫోను జేబులో పెట్టి సంచీలోంచి లావుపాటి పట్టిక తీశాడు. "యాంత్రిక గుర్తింపు విఫలమైన సందర్భాల్లో నిరాకరణ పద్ధతిని అనుసరించవలెను," అన్నాడు. నిరాకరణ పద్ధతి అంటే, పట్టికలో ఉన్న నాలుగు వందల పన్నెండు పేర్లూ ఆయన ఒక్కొక్కటే చదవాలి. గృహిణి మొక్కను చూసి అవునో కాదో చెప్పాలి. చెప్పినదాని ఎదుట సంతకం పెట్టాలి.

"అరటి?"

భ్రమరాంబ మోకాలెత్తు మొక్కకేసి చూసింది. "కాదండి."

"సంతకం పెట్టండి. అశోకం?"

"కాదండి."

"మొక్కను చూసి చెప్పండమ్మా. నా మొహం చూసి కాదు."

కొబ్బరి కాదని చెప్పేసరికి పదకొండయింది. తోటకూర కాదని చెప్పేసరికి కుక్కరు మూడు కూతలు వేసింది. మామిడి దగ్గర కనకారావుకి ఆకలేసింది. ఇంటికొచ్చిన మనిషిని ఎండలో వదిలేసి తినలేరు గనక భ్రమరాంబ ఆయనకీ కంచం పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కనకారావు కళ్ళు మూసుకున్నాడు.

"ఏం పప్పమ్మా ఇది?"

"మీరు పొద్దుటినుంచీ వెతుకుతున్నదేనండి."

ఆయన చెయ్యి ఒక క్షణం ఆగింది. "భోజన విరామంలో గుర్తింపు విధులు నిర్వహించరాదు," అని ఇంకాస్త వేయించుకున్నాడు.

హంసపాది కాదని ఆఖరి సంతకం పడేసరికి నాలుగయింది. కనకారావు పట్టిక మూసి విచారంగా, "నాలుగు వందల పన్నెండూ కాదన్నారు. ఇంక ఇది అజ్ఞాతమే. రేపు పొద్దున గునపం బృందం వస్తుంది. తూము పగలకుండా తీయమని రాస్తాను, అంతవరకే నా చేతిలో ఉంది," అన్నాడు.

భ్రమరాంబ గడప కేసి చూసింది. పేరిందేవమ్మ మళ్ళీ ఆకలేసి పెట్టించుకున్న కంచం ఖాళీగా ఉంది. వేలితో అంచుని అంటిన పప్పు కూడా తీసి నాలిక్కి రాసుకుంటోంది.

"తోటకూరండి అది," అంది భ్రమరాంబ.

"ఇందాక కాదని సంతకం పెట్టారు."

"ఇందాక సరిగా చూడలేదు."

కనకారావు మొహం విప్పారింది. "ఎంత మాటన్నారమ్మా. ముందే ఈ ముక్క అని ఉంటే అరటి దగ్గరే తేలిపోయేది," అని కాదు కొట్టేసి అవును చేశాడు. రబ్బరు ముద్ర వేశాడు. కొత్తరేవులో తోటకూర పుట్టింది.

ఆ చిన్న అబద్ధం అక్కడితో ఆగిపోతుందని భ్రమరాంబ అనుకుంది. ఆఫీసు పద్ధతి తెలిసినవాళ్ళెవరూ అలా అనుకోరు.

అధికారిక పట్టికలో పేర్లున్నాయి గాని బొమ్మలు లేవు. బొమ్మలకి వేరే మంజూరు రావాలి. అది వచ్చేదాకా ఒక నియమం పెట్టుకున్నారు. ఏ పేరుతోనైనా మొట్టమొదట నమోదైన మొక్క ఆ పేరుకి ప్రమాణ మొక్క. తక్కినవాటినన్నిటినీ దానితో పోల్చి చూసి, సరిపోతే ఉంచాలి, సరిపోకపోతే పీకాలి. వేపనీ మామిడినీ మొదటిరోజే పెద్దమనుషులు పోటీలు పడి నమోదు చేయించుకున్నారు. తోటకూరని నమోదు చేయించాలని ఊళ్ళో ఎవరికీ తోచలేదు. నాలుగు రోజులుండి కూరలోకి పోయేదానికి పత్రమేమిటని అనుకున్నారు. ఆ విధంగా భ్రమరాంబ తూము దగ్గరున్నది కొత్తరేవు పట్టణ ప్రమాణ తోటకూర అయింది.

వారం తిరగకుండా దాని చుట్టూ ఇనప వల, వలకి తలుపు, తలుపుకి తాళం వచ్చాయి. ‘ప్రమాణ తోటకూర. తాకరాదు. ఉమ్మరాదు’ అని బోర్డు పెట్టారు. కమిషనర్ గారు వచ్చి పక్కన నిలబడి ఫొటో దిగారు. తాళంచెవి కనకారావు దగ్గర ఉంటుంది. భ్రమరాంబ బతిమాలితే, ‘పరిరక్షణార్థం కత్తిరింపు’ కింద రోజుకి ఇరవై ఆకులు తుంచుకోవడానికి ఒప్పుకున్నాడు. కత్తిరింపు తన సమక్షంలో జరగాలన్నాడు. రోజూ పదకొండుకి వచ్చి తాళం తీసేవాడు. ఆకుల్ని లెక్కపెట్టేవాడు. అవి పప్పులో పడేదాకా, పడ్డ పప్పు ఉడికేదాకా, ఉడికింది వడ్డించేదాకా తన సమక్షమే.

"దోమలబ్బాయి వచ్చాడే, పీట వెయ్యి," అనేది పేరిందేవమ్మ. ఆవిడ బుగ్గల్లోకి కాస్త కండ వచ్చింది. ప్రభాకరం స్కూల్లో, "మా ఇంట్లో ఉన్నది ప్రమాణమండీ" అని చెప్పుకుంటున్నాడు. నిజం ఆయనకీ తెలుసు. ముద్ర పడ్డాక నిజం గురించి ఆలోచించడం ఆయనకి అలవాటు లేదు.

శ్రావణం ఆఖర్న ఒకరోజు పొద్దున్నే నూకాలమ్మ వచ్చింది. పాతికేళ్ళుగా ఆ వీధికి ఆకుకూరలు ఆవిడే తెస్తుంది. కాలవ గట్టున ఆరు మడులున్నాయి. అన్నిట్లోనూ తోటకూరే. ఆవేళ గంప వెల్లకిలా నెత్తిన లేదు, బోర్లించి చంకలో ఉంది.

"ఏం నూకాలమ్మా, ఖాళీ గంపతో వచ్చావు?"

"ఏటి సెప్పమంటావమ్మా. నా మడులు పీకీసినారు. నాలుగు మడులు. గునపాలట్టుకొని పదిమందొచ్చినారు. ఫోటో ఒకటి తెచ్చినారు. ఆకు పక్కన ఆకెట్టి సూసినారు, కాడ పక్కన కాడెట్టి సూసినారు. ఇది తోటకూర కాదు, ఏదో తెలీని మొక్క అని రాసుకొని పీకీసినారు."

భ్రమరాంబ గుమ్మం దిగి ఆవిడ దగ్గరికి వచ్చింది.

"మా అత్త ఏసింది, ఆళ్ళత్త ఏసింది. నా సేతుల్తో నాను జల్లిన గింజ. తోటకూర కాపోతే ఏటమ్మా అది?" నూకాలమ్మ గంప కింద పెట్టి గడప దగ్గర చతికిలబడింది. "అసలైన తోటకూర మీ ఇంట్లో ఉన్నాదంట గదా. ఓపాలి సూపించమ్మా. ఎలాగుంటాదో సూసి పోతాను."

పెరట్లోకి తీసుకెళ్ళక తప్పలేదు. నూకాలమ్మ వల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. బోర్డు చదవడం రాదు గాని, దాని మీదున్న ముద్రని చూసింది.

"ఇదాండీ," అంది. పాతికేళ్ళలో భ్రమరాంబని ఆవిడ అండీ అనడం అదే మొదలు. "మరి ఇన్నాళ్ళూ మిమ్మల్నందర్నీ మోసం సేసీసినానేటమ్మా నాను? తోటకూర తోటకూర అని కేకేసి ఏదో గడ్డి అమ్మీసినానా?"

"అదేం లేదు నూకాలమ్మా, నీది మంచి కూరే."

"మంచిదో సెడ్డదో. సదూకున్నోళ్ళు కాయితం రాసినారంటే ఉత్తినే రాస్తారా. ఇంక రెండు మడులున్నాయి. గింజకని ముదరనిచ్చీసినవి. సోమారం వొచ్చి అవీ పీకీస్తారంట. ఆ గింజా పోతే మరింక ఏటీ లేదమ్మా. నాకు ఇంకో పని రాదు."

ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఊళ్ళో ఇలాంటివి ఇంకా జరిగాయి. ప్లీడరు గారింటి కుండీలోని క్రోటన్ మొక్కను ఆయన గుమాస్తా కంగారులో కరివేపాకు అని రాయించాడు. దానితో పోల్చి చూసి బ్రాహ్మల వీధిలో ఒక్క కరివేపాకు చెట్టు మిగల్చలేదు. జనం మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఎవరింట్లో ఏ తప్పుడు పేరుందో వాళ్ళకి తెలుసు. ఒకరి పేరు బయటపడితే రెండోవాళ్ళదీ పడుతుంది.

శుక్రవారం నాడు భ్రమరాంబ చీర మార్చుకుని మునిసిపల్ ఆఫీసుకి బయల్దేరింది. దారిలో నూకాలమ్మ గింజమడి దగ్గర ఆగి ఓ కట్ట కోయించుకుంది. ప్రభాకరం రానన్నాడు. "ముద్ర పడ్డ కాగితం మీద నిజం చెప్పడం నేరమవుతుందేమో కనుక్కుని వెళ్ళు," అన్నాడు.

కమిషనర్ గారి గదిలో ఆయనా, పక్కన దస్త్రంతో కనకారావూ ఉన్నారు. భ్రమరాంబ నిలబడే చెప్పింది.

"మా ఇంట్లో ఉన్నది తోటకూర కాదండి. నేను అబద్ధం చెప్పాను."

కమిషనర్ గారు నవ్వారు. పెద్ద మనసున్న నవ్వు. "మీరు కంగారు పడుతున్నారమ్మా. కూర్చోండి. మీరు చెప్పడం వల్ల అది తోటకూర కాలేదు. మేము ధ్రువీకరించడం వల్ల అయింది. మీరు అబద్ధం చెప్పి ఉండవచ్చు, కాదనను. మేము చెప్పలేము గదా."

"కాని అది తోటకూర కాదండి."

"ఇప్పుడంటున్నారు. సవరణలకు గడువు కిందటి నెల ఇరవై ఒకటితో ముగిసింది. నిజాలైనా, అబద్ధాలైనా ఆ లోపునే స్వీకరించబడ్డాయి."

భ్రమరాంబ సంచీలోంచి నూకాలమ్మ కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "ఇదండీ తోటకూర."

కమిషనర్ గారు కట్టను ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. ఒక ఆకు తుంచి వాసన చూశారు. ఆయన గొంతు కొంచెం మారింది. "మా ఇంట్లో వారానికి మూడుసార్లు వండుతారు దీన్ని. పులుసు పెడతారు. మా ఆవిడ ఆ కాలవగట్టు మనిషి దగ్గరే కొంటుంది."

"మరి అది తోటకూరేనా కాదా, మీరే చెప్పండి."

"అమ్మా, ఇంట్లో నేను తినేవాణ్ణి. ఈ కుర్చీలో నేను నిర్ధారించేవాణ్ణి. తిన్న అనుభవాన్ని తెచ్చి దస్త్రంలో పెట్టమంటే రేపు ప్రతివాడూ నాలిక పట్టుకుని ఆఫీసుకొస్తాడు. పాలన సాగుతుందా?" ఆయన కట్టను మర్యాదగా కాగితంలో చుట్టి సొరుగులో పెట్టారు. "పైగా అవార్డు కమిటీ పదిహేనో తారీకున వస్తోంది. ప్రమాణ మొక్కల దర్శనం ఉంది. మీ ఇల్లు మూడో స్థానంలో ఉంది. కాఫీ ఏర్పాట్లు మీవే."

బయట వరండాలో కనకారావు వెనకే వచ్చాడు. ఆయన మొహం కూడా బాగాలేదు. ఇన్నాళ్ళుగా తింటున్నది తోటకూర పప్పు కాదని ఆయన నాలికకి మొదటిరోజే తెలుసు.

"కనకారావు గారూ, ప్రమాణ మొక్క చచ్చిపోతే ఏమవుతుందండి?" అంది భ్రమరాంబ మెల్లగా.

ఆయన అటూ ఇటూ చూసి, కంఠోపాఠంగా ఉన్నది కళ్ళు మూసుకుని ఒప్పచెప్పాడు. "పద్నాలుగో నియమం. ప్రమాణ మొక్క మరణించినచో ఆ పేరు పట్టికలో నిలిపివేయబడును. నిలిపివేయబడిన పేరుతో పోల్చి చూచుట గాని, తొలగించుట గాని చేయరాదు."

"మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు ఆ పేరు?"

"కొత్త ప్రమాణ మొక్క నమోదైనప్పుడమ్మా. నిలిపివేసిన పేరుతో నమోదు చేసుకోకూడదని పదిహేనో నియమం." ఆయన కళ్ళు తెరిచాడు. "ఎండలో నీళ్ళు లేక చచ్చినా, పురుగు పట్టి చచ్చినా సహజ మరణమే. నాకెందుకో రేపు తాళం వెయ్యడం మరిచిపోతానేమోనని భయంగా ఉందమ్మా."

భ్రమరాంబ ఇంటికొచ్చి తూము దగ్గర నిలబడింది. మొక్క తన మానాన తాను దిట్టంగా ఉంది. దానికి తోటకూర కావాలని ఏనాడూ లేదు. లోపల్నుంచి పేరిందేవమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. ఈ నెలలో ఆవిడ గోడ మీద వేసే భారం తగ్గింది. ఆ సంగతి భ్రమరాంబకి ఇప్పుడే కనిపించాలా.

ఉన్నదున్నట్టు చెప్పేసింది. నూకాలమ్మ అండీ అన్న మాట కూడా చెప్పింది.

ముసలావిడ విని కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎన్ని మడులు పోయాయన్నావు?"

"నాలుగత్తయ్యా. సోమవారం మిగతా రెండూ."

"నా ఒక్క నోటికోసం ఒకమ్మ నోటికాడి కూడు తీసేశారన్నమాట. తెలిసి తింటే అరుగుతుందిటే? పీకెయ్యి." ఒక అడుగు వేసి ఆగింది. "ఆకులు దూసుకుని పీకు. వట్టి పుణ్యానికి వాటినెందుకు పారెయ్యడం."

శనివారం కనకారావు తాళం వెయ్యడం మరిచిపోయాడు. భ్రమరాంబ ముందు ఆకులన్నీ దూసింది. తరవాత కాడ మొదట పట్టుకుని లాగింది. వేరు అనుకున్నంత లోతు లేదు. రెండో లాగుకే వచ్చేసింది. ఆవేళ పప్పు ఇరవై ఆకులతో కాదు, ఉన్నదంతా వేసి చేసింది. పేరిందేవమ్మ మారు అడిగి వేయించుకుంది. కనకారావు కంచంలో పెట్టింది తింటూ తల ఎత్తలేదు.

ఆదివారం ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చి ఖాళీ వలకి పంచనామా చేశారు. ‘వృద్ధాప్య కారణముల వలన ప్రమాణ తోటకూర స్వర్గస్థురాలైనది’ అని రాసుకున్నారు. మొక్క స్త్రీలింగమా కాదా అని కాసేపు వాదించుకుని, గృహిణి పెరట్లో పెరిగింది గనక అలాగే ఉంచారు. ప్రభాకరం సాక్షి సంతకం పెట్టాడు. సోమవారం గునపాల బృందం కాలవ గట్టు దాకా వెళ్ళి, పోల్చి చూసుకోవడానికి పేరు లేక వెనక్కి వచ్చింది.

పదిహేనో తారీకు కమిటీ ముందు కమిషనర్ గారు ప్రసంగించారు. కొత్తరేవు పట్టణంలో పేరులేని మొక్క ఒక్కటి కూడా లేదనీ, తోటకూర అను ఒక జాతి మాత్రం ప్రకృతి సహజంగా అంతరించినదనీ, దాని స్మృత్యర్థం రెండు నిమిషాలు మౌనం పాటిద్దామనీ అన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. అవార్డు వచ్చింది.

నూకాలమ్మ ముదురు మడుల్లో గింజ దులుపుకుని ఆరు మడులూ మళ్ళీ చల్లింది. తోటకూరకి పాతిక రోజులు చాలు. గంప నిండింది. అయితే ఇదివరకులా పేరు పెట్టి కేకెయ్యడం మానేసింది. "వొచ్చిందమ్మా, వొచ్చింది" అంటూ వీధిలోకి వచ్చేది. ఏం వచ్చిందో అందరికీ తెలుసు. కమిషనర్ గారి భార్య గేటు దాకా వచ్చి, అంతరించిపోయిన జాతిని రోజుకి రెండు కట్టలు తీసుకునేది. లేనిదాన్ని పీకడానికి ఉత్తర్వు పుట్టదు గనక ఎవరూ ఆవిడ జోలికి పోలేదు.

భ్రమరాంబ మొదటి కట్ట కొన్నరోజున నూకాలమ్మ గుమ్మంలో ఆగి, "ఇది అదేనమ్మా, పాతదే. తినొచ్చా?" అని అడిగింది.

"ఇలా తే," అంది భ్రమరాంబ.

ఆకు వలిచి, కాడలు వేరుగా తరిగి, లేత కాడలతో సహా పులుసు పెట్టింది. ఆ ఆకు లేక నెల దాటింది. పేరిందేవమ్మ మళ్ళీ రెండు మెతుకుల మనిషి అయింది. కంచం ముందు పెడుతుంటే భ్రమరాంబ చేతులు తెలియకుండానే నెమ్మదించాయి.

ముసలావిడ ఓ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"ఏం కూరే ఇది?"

"ఏమోనత్తయ్యా. ఈ ఊళ్ళో లేని కూర."

ఆవిడ ఇంకో ముద్ద పెట్టుకుని చాలాసేపు నమిలింది. మింగింది. మంచినీళ్ళు తాగి, కోడలి మొహం కేసి చూసింది.

"లేని కూరకి ఇంత ఉప్పెందుకే," అంది. కంచం మాత్రం తోసెయ్యలేదు.